సంచీ సీటు

గురువారం సాయంత్రం భోజనాలయ్యాక పళ్ళెం పక్కకి జరిపి, నీళ్ళ చెంబుకి సెల్‌ఫోను ఆనించి, భర్త ఆదివారం ప్రయాణానికి దారి చూస్తున్నాడు. ఆయన లిఫ్టు మెకానిక్కు. ఊళ్ళో సగం మేడల్లో లిఫ్టులు ఆయన చెయ్యి పడితేనే కదులుతాయి. అందువల్లనో ఏమో, ఎక్కడికి వెళ్ళాలన్నా ఆయనకి ఎక్కే అంతస్తూ దిగే అంతస్తూ మాత్రమే కనిపిస్తాయి. మధ్యలోవన్నీ మూసిన తలుపులే.

తెల్లవారకముందే బయల్దేరాలన్నాడు. జనం రాకముందే కొండమీది ఆనకట్ట దగ్గర ఉండాలన్నాడు. చూసేసి, తినేసి, రోడ్డు మీద రద్దీ మొదలవకముందే ఇంట్లో పడాలన్నాడు.

"చూడ్డానికి వెళ్తున్నామా, రిపేరుకి వెళ్తున్నామా?" అంది ఆమె, గిన్నెలు తీస్తూ.

ఆయన నవ్వేశాడు. ఇలాంటి మాటలకి కోపం తెచ్చుకునే మనిషి కాదు, అలాగని మారే మనిషీ కాదు.

వీధివైపు కిటికీ దగ్గర వదిన మిషను కుడుతోంది. ఆయనకి స్వయానా అక్క, పెళ్ళి చేసుకోలేదు. ఆ కిటికీ దగ్గరే కూర్చుని ఇరుగుపొరుగు వాళ్ళ బట్టలకి కొలతలు సరిచేస్తుంది. పొడుగైతే మడుస్తుంది, బిగుతైతే వదులు చేస్తుంది. పొద్దున్న మొదలుపెడితే దీపాలు పెట్టేవేళ దాకా ఆ చప్పుడు ఇంట్లో వినిపిస్తూనే ఉంటుంది. అలవాటైపోయి ఎవరికీ అది చప్పుడుగా తోచదు, ఆగితేనే తెలుస్తుంది.

ఇంటిల్లిపాదీ పిట్ట అని పిలుచుకునే కూతురు కుర్చీలో మోకాళ్ళ మీద నిలబడి తండ్రి ఫోనులోకి తొంగిచూస్తోంది. ఉన్నట్టుండి కింది వాటా పాపని కూడా తీసుకెళ్దామంది. చోటు లేదన్నాడు తండ్రి.

"వెనకాల ఒక సీటు ఖాళీయేగా నాన్నా."

"అది సంచీ సీటు," అన్నాడు ఆయన, ఫోను మీంచి కళ్ళు తిప్పకుండానే. "నీళ్ళ డబ్బా, తిండి బుట్ట, దుప్పటి మరి నెత్తిన పెట్టుకుంటామా?"

మామూలుగానే అన్నాడు. పిట్ట కూడా మామూలుగానే విని, మూతి ముడిచి ఊరుకుంది. కానీ సరిగ్గా అప్పుడే మిషను ఆగింది. దారం తెగిందేమోనని ఆమె అటు చూసింది. దారం తెగలేదు. వదిన రెండు చేతులూ గుడ్డ మీద అలాగే పెట్టి సూది వంక చూస్తూ కూర్చుంది. ఒక్క క్షణమే. మళ్ళీ చక్రం మీద చెయ్యి వేసి తిప్పింది. మిషను సాగింది.

ఆ తర్వాత వదిన ఎప్పుడూ చేసే పనులే చేసింది. అటకమీంచి తిండి బుట్ట దింపి, అడుగున పేరుకున్న దుమ్ము దులిపింది. ఎవరెవరు ఏ బట్టలు వేసుకుంటారో అడిగి ఇస్త్రీకి తీసింది. దుప్పటి పాతదే పట్టుకెళ్ళండి, కొత్తదానికి గడ్డి పరకలు పట్టుకుంటే ఊడిరావు అని చెప్పింది. కారు ఎక్కి ఎరగని మనిషికి కారు ప్రయాణంలో ఏమేం కావాలో ఆ ఇంట్లో అందరికన్నా బాగా తెలుసు. వీళ్ళు బయల్దేరేటప్పుడు గేటు దగ్గర నిలబడేది. వీళ్ళు తిరిగొచ్చేసరికి నీళ్ళు కాచి ఉంచేది. పిట్ట వచ్చి తను చూసినవన్నీ గుక్క తిప్పుకోకుండా చెబుతుంటే, గుండీలు కుడుతూ, అడగవలసిన చోట అడుగుతూ వినేది.

అక్కకి కారు పడదు. ఆ ఇంట్లో అదొక స్థిరమైన సంగతి. చీకట్లో కూడా గోడ ఎక్కడుందో తెలిసినట్టు, అందరూ దానికి తగలకుండా తిరుగుతుంటారు. ఆమె కూడా కాపురానికి వచ్చినప్పటి నుంచీ అలాగే తిరుగుతోంది.

ఇవాళ తగిలింది.

మర్నాడు ఆమె పనిచేసే కళ్ళజోళ్ళ దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడు. చెవి వెనక పుండు పడిందనీ, తనది చిన్నప్పటి నుంచీ పల్చటి చర్మమనీ, ఏ జోడు పెట్టినా ఇంతేననీ, ఆ కాడకి కాస్త దూది చుట్టిస్తే చాలనీ చెప్పాడు. ఆమె జోడు తీసుకుని గాజుబల్ల మీద బోర్లా పెట్టింది. ఒక కాడ బల్లని తాకింది. రెండోది తాకలేదు. వేడిగాలి యంత్రం ముందు ఆ కాడని అటూ ఇటూ తిప్పుతూ మెత్తబడేదాకా కాచి, బొటనవేలితో కొంచెం కొంచెంగా వంచింది. చల్లారనిచ్చి మళ్ళీ బోర్లా పెట్టి చూసింది. ఈసారి రెండూ తాకాయి. పెద్దాయన పెట్టుకుని, తల అటూ ఇటూ ఆడించి, నొప్పి వస్తుందేమోనని ఎదురుచూస్తున్నట్టు కాసేపు కదలకుండా నిలబడ్డాడు. నొప్పి రాలేదు.

"చర్మం అనుకున్నానమ్మా ఇన్నేళ్ళూ," అన్నాడు, కాస్త సిగ్గుపడుతూ.

ఆమె నవ్వి, జోడు తుడుచుకునే మెత్తటి గుడ్డ ఇచ్చి పంపింది. ఆ రోజంతా ఎందరి ముక్కుల మీదో జోళ్ళు సరిచేసింది గానీ మనసు ఇంట్లో కిటికీ దగ్గరే ఉంది.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వదిన డాబా మీద ఆరిన బట్టలు తీస్తోంది. ఆమె కూడా వెళ్ళి, దుప్పటికి రెండో కొస పట్టుకుంది. ఇద్దరూ ఎదురుబొదురుగా నిలబడి దుప్పటి విదిలించి, దగ్గరికి వచ్చి కొసలు కలిపి, మళ్ళీ వెనక్కి జరిగారు.

"వదినా, మీకు నిజంగా కారు పడదా?"

వదిన దుప్పటి మడతకేసి చూసింది. "పడదుగా," అంది.

"ఎప్పుడు ఎక్కారు?"

ఆ ప్రశ్న వదినని ఎవరూ అడిగినట్టు లేదు. కాసేపు గుర్తు తెచ్చుకుంది. ఎప్పుడో చుట్టాలతో కలిసి ఒక జీపులో వెళ్ళిందట. వెనకాల అడ్డంగా వేసిన బల్లమీద, అందరి కాళ్ళ మధ్య, కిటికీ తెరుచుకోని చోట కూర్చోబెట్టారట. సగం దారిలో వాంతి అయింది. పక్కనున్న పెద్దావిడ ఒళ్ళంతా పాడైంది. ఆవిడ ఇంటికి వెళ్ళేదాకా ఆ మాటే చెప్పుకుని, వెళ్ళాక కూడా చెప్పుకుందట.

"అంతేనా? ఒక్కసారేనా?"

"ఒక్కసారి చాలదూ? తర్వాత ఎవరు పిలిచినా, ఆవిడకి కారు పడదు అని నాకన్నా ముందు పక్కవాళ్ళే చెప్పేవాళ్ళు. అందరూ అంటుంటే నిజమే కాబోలు అనుకున్నాను." వదిన దుప్పటి తీసుకుని గుండెకి ఆనించి మిగతా మడత పూర్తిచేసింది. "అయినా నేనొస్తే మీరు దారంతా ఆగాలి అమ్మాయ్. ఆగితే వాడికి కాళ్ళ కింద నిప్పులు పోసినట్టుంటుంది. ఎందుకొచ్చిన గొడవ."

"ఆగుదాం," అంది ఆమె. "ఆగడానికే వెళ్దాం."

ఆ రాత్రి భోజనాల దగ్గర ఈ మాట చెబితే భర్త అన్నం కలపడం ఆపేశాడు. వద్దని అనలేదు. అక్కకే ఇబ్బందని అన్నాడు. ఘాట్ రోడ్డు మలుపులని అన్నాడు. దారిలో మాటిమాటికీ ఆగితే ఆనకట్టకి ఎప్పుడు చేరతామన్నాడు. చేరినప్పుడే చేరదాం అంది ఆమె. దారిలో చూడ్డానికి ఏముంటుందన్నాడు ఆయన.

"ఏమో. మనమెప్పుడైనా ఆగితే కదా తెలిసేది."

ఆయన అక్క వైపు చూశాడు. వదిన తల వంచుకుని, తమ్ముడికి కూర కావాలేమో చూడమని పిట్టకి సైగ చేసింది. వస్తాననీ అనలేదు, రాననీ అనలేదు. రానని వదిన అనకుండా ఉండటం ఆయన మొదటిసారి చూశాడు కాబోలు, ఇంకేం అడ్డు చెప్పలేదు. సంచీని డిక్కీలో పెడితే సరిపోతుందిలే అన్నాడు.

శనివారం ఆమెకి సగం పూటే పని. ఇంటికి వచ్చేసరికి కిటికీ దగ్గర పెద్ద సభ జరుగుతోంది. బట్టలు ఇవ్వడానికీ తీసుకోవడానికీ వచ్చిన ఆడవాళ్ళనల్లా పిట్ట పట్టుకుని, కొండ దారిలో ఏం చూడొచ్చో అడుగుతోంది. చిన్నపిల్ల అడిగితే ఎవరికి మాత్రం చెప్పాలనిపించదు. ఊరు దాటగానే మొక్కల తోట ఉందనీ, అక్కడ గులాబీలు కొనకపోయినా చూడనిస్తారనీ ఒకావిడ చెప్పింది. పాత రాతి వంతెన మీద నిలబడితే కింద నుంచి రైలు పోతుందని ఇంకొకావిడ చెప్పింది. కొండ ఎక్కే దారిలో గాలిమరల కిందికంటా వెళ్ళొచ్చనీ, దూరం నుంచి చూసినట్టు ఉండవనీ, కింద నిలబడితే ఒళ్ళు ఝల్లుమంటుందనీ బ్యాంకులో పనిచేసే అమ్మాయి చెప్పింది. వదిన అందరి మాటలూ వింటూ ఒకటే ప్రశ్న వేసింది. ఆ చోట్లలో కారు పక్కకి ఆపుకోవడానికి వీలుంటుందా అని.

మధ్యాహ్నం ఆమె కారు లోపల తుడుస్తుంటే వదిన వచ్చి వెనక తలుపు తీసి, కూర్చోకుండా, సీటు మీద అరచెయ్యి పెట్టి నొక్కి చూసింది. గుడ్డ నాణ్యం చూస్తున్నట్టు రాసి చూసింది. "మెత్తగానే ఉందే," అంది. పిట్టకి నవ్వాగలేదు.

ఆదివారం పొద్దెక్కాకే బయల్దేరారు. ఆయన చీకటితోనే లేచి వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు గానీ ఎవరినీ తొందరపెట్టలేదు. వదిన లేత నీలం బట్టలు వేసుకుని వచ్చింది. అవి తను ఎప్పుడు కుట్టుకుందో ఎవరికీ తెలియదు. తలుపుకి తాళం వేసి, లాగి చూసి, మళ్ళీ లాగి చూసి, తాళంచెవి ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కాసేపు చేతిలోనే పట్టుకుంది. ఇన్నాళ్ళూ ఆ ఇంటికి తాళం వేయవలసిన అవసరమే రాలేదు.

ఊరి పొలిమేర దగ్గరికి వచ్చారు. దాటకముందే ఆమెకి అనుమానం వచ్చింది. ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి చూస్తే వదిన వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. మొహం మీద చెమట. బాగానే ఉందా అంటే తల ఊపింది. పిట్ట అత్త చేతిని పట్టుకుని ఏదో పొడుపుకథ అడుగుతోంది. వదిన జవాబు చెప్పడానికి నోరు తెరిచి, వెంటనే చేత్తో మూసుకుంది.

ఆమె ఆపమనేసరికే ఆలస్యమైంది. ఆయన ఒక ప్రహరీ పక్కన ఆపాడు. వదిన తలుపు తీసుకుని దిగింది గానీ సగం బట్టల మీదే అయింది.

రోడ్డు పక్కన వంగి నిలబడ్డ వదిన తల ఎత్తలేదు. ఆమె వీపు రాస్తుంటే, ఎవరికీ వినపడకూడదన్నట్టు గొణిగింది. "నన్ను ఇక్కడ బస్సెక్కించెయ్యి అమ్మాయ్. మీరు వెళ్ళండి. పిల్ల ఆశపడింది."

"నేను ముందే అన్నాను," అన్నాడు భర్త. విసుగ్గా అనలేదు. నిజంగా బాధపడే అన్నాడు. ఆ బాధలోనే వెనక్కి తిరిగిపోయే దారి కూడా ఉందని ఆమెకి తెలుసు. అక్కని దింపేసి వద్దాం అని ఆయన అనేలోపు, కడుక్కుంటే పోయేదానికి ఇంత ఆలోచనెందుకని అంటూ ఆమె ప్రహరీకున్న గేటు నెట్టింది.

అదే ఆ ఆడవాళ్ళు చెప్పిన మొక్కల తోట. మోకాళ్ళ దాకా మట్టి అంటిన ఒకావిడ గొట్టంతో కుండీలకి నీళ్ళు పెడుతోంది. విషయం చెప్పకముందే వదిన మొహం చూసి అర్థం చేసుకుంది. గొట్టం ధార తగ్గించి చేతికిచ్చి, తను అటు తిరిగి నిలబడింది. వదిన బట్టల మీది మరక కడుక్కుంది. మొహం కడుక్కుంది. తర్వాత ఇంకాసేపు ఊరికే నీళ్ళ కింద చేతులు పెట్టుకుంది.

అక్కడ వరసలు వరసలుగా మొక్కలు. నీడ కోసం పైన ఆకుపచ్చ వల కప్పారు. దానిలోంచి వచ్చే వెలుతురు అందరి మొహాల మీదా లేత ఆకు రంగులో పడుతోంది. ముట్టుకుంటే ముడుచుకునే మొక్క ఒకటి పిట్టకి దొరికింది. అత్తని లాక్కెళ్ళి చూపించింది. వదిన ఒక ఆకుని వేలి చివరతో తాకింది. అది టపటపా ముడుచుకుంది. మళ్ళీ ఎప్పుడు తెరుచుకుంటుందని అడిగితే, కాసేపు దాని మానాన దాన్ని వదిలేస్తే తెరుచుకుంటుందని తోటావిడ చెప్పింది. వదిన ఆ కుండీ పక్కనే తిరగేసిన డబ్బా మీద కూర్చుని, అది తెరుచుకునేదాకా చూసింది. ఆయన గేటు దగ్గర వాచీ చూసుకుని, ఎవరూ తనని చూడటం లేదని గ్రహించి, చెయ్యి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత ఆయన కూడా లోపలికి వచ్చాడు.

తిరిగి కారెక్కేటప్పుడు ఆమె ముందు తలుపు తీసి, వదినని అక్కడ కూర్చోమంది. వదిన ఒప్పుకోలేదు. అది నీ చోటంది. నా చోటని రాసిపెట్టి ఉందా అని ఆమె వెనక్కెళ్ళి కూర్చుని తలుపు వేసేసుకుంది.

ముందు కూర్చున్న వదిన మొదట తలుపు పిడిని వదల్లేదు. కిటికీ సగం దించుకుంది. రోడ్డు నేరుగా తన మీదికే వస్తున్నట్టుంటే కాసేపు కళ్ళు చిట్లించింది. తర్వాత మెల్లగా పిడి మీంచి చెయ్యి జారి ఒళ్ళోకి వచ్చింది. పొలాలు పోయాయి, ఒక ఇటుకల బట్టీ పోయింది. ఒక లారీ వెనకాల గడ్డి మోపుల మీద పడుకుని నిద్రపోతున్న మనిషి పోయాడు.

"చూశావా వాణ్ణి," అంది వదిన తమ్ముడితో. "ఇంట్లో మంచం మీద కూడా అంత హాయిగా ఎవరూ పడుకోరు."

ఆయన ఫక్కున నవ్వాడు. అక్క మామూలుగా మాట్లాడుతోందన్న సంగతి నవ్విన తర్వాతగానీ ఆయనకి తట్టలేదు. పక్కకి తిరిగి ఓసారి అక్క మొహం చూసి, మళ్ళీ రోడ్డు చూసుకున్నాడు.

రాతి వంతెన మీద ఆగారు. రైలు వస్తుందో రాదో తెలియకుండా పిట్టగోడ మీద మోచేతులు ఆనించి నిలబడ్డారు. తెచ్చుకున్న బత్తాయిలు వలుచుకు తిన్నారు. ఇక రాదులే అని ఆయన కారు వైపు రెండడుగులు వేశాక వచ్చింది. గూడ్సు బండి. పెట్టెల నిండా ఎర్రటి ట్రాక్టర్లు. పిట్ట చెయ్యి ఊపింది. వదిన కూడా ఊపింది. చివరి పెట్టెలోని గార్డు పచ్చజెండా ఉన్న చేత్తోనే తిరిగి ఊపాడు. ఆయన కారు దగ్గరే నిలబడి ఆ ట్రాక్టర్లన్నిటినీ చివరిదాకా చూశాడు.

కొండ మొదట్లో ఉండగా ఆయన ఫోను మోగింది. ఒక ఆసుపత్రి పక్కనున్న మేడలో లిఫ్టు రెండు అంతస్తుల మధ్య ఆగిపోయిందట. లోపల ఒక ముసలి జంట ఉన్నారట. కొత్తగా చేరిన మెకానిక్కు అక్కడికి వెళ్ళాడు గానీ ఆ పాతరకం లిఫ్టు అతనెప్పుడూ ముట్టుకోలేదు. నాలుగు మాటలు వినిపించి, ఐదోది తెగిపోతోంది. కొండ కింద సిగ్నలు లేదు. పైకి పోయేకొద్దీ వస్తుంది.

"మీరు వెనక్కి రండి. నేను నడుపుతాను," అంది ఆమె.

ఇంకెప్పుడైనా అయితే ఆయన ఒప్పుకునేవాడు కాదు. ఘాట్ రోడ్డు మీద ఆమెకి ఆయన ఎప్పుడూ స్టీరింగు ఇవ్వలేదు. ఇప్పుడు మాట్లాడకుండా దిగి, వెనక సీటులో పిట్ట పక్కన కూర్చున్నాడు. ఆమె సీటు ముందుకి జరుపుకుని, అద్దాలు సరిచేసుకుని, రెండో గేరులో ఎక్కించింది. మలుపు వచ్చిన ప్రతిసారీ హారన్ కొట్టింది. వదిన పక్కన కూర్చుని మలుపు అవతల ఏం కనిపిస్తుందో మెడ చాచి చూస్తోంది.

వెనక ఆయన ఫోను చెవికి పెట్టి, మళ్ళీ కళ్ళ ముందుకి తెచ్చుకుని, ఆ మెకానిక్కు పంపిన ఫొటోలని వేళ్ళతో పెద్దవి చేసి చూస్తున్నాడు. ముందు కరెంటు మెయిను ఆపెయ్యమన్నాడు. ఆపావా, నోటితో చెప్పు అన్నాడు. లోపలివాళ్ళకి వినపడేలా, భయం లేదు, తలుపు దగ్గరికి రావద్దు అని అరవమన్నాడు. బ్రేకు విడిపించే కడ్డీ ఎక్కడుందో ఫొటోలో చూసి చెప్పాడు. ఒకరు కడ్డీ పట్టుకోవాలి, ఇంకొకరు చేత్తో చక్రం తిప్పాలి, కాస్త తిప్పాలి, ఆపాలి, మళ్ళీ కాస్త తిప్పాలి. తాడు మీద రంగు గీత అంతస్తు గీతకి ఎదురుగా వచ్చేదాకా తలుపు తాళం ముట్టుకోవద్దు. ఆయన గొంతు ఎక్కడా హెచ్చలేదు. కారు అటు వంగి ఇటు వంగి పోతోంది. ఆయన కళ్ళు మాత్రం ఆ ఫోను అద్దంలోనే ఉన్నాయి.

చాలాసేపటికి, "దిగారా? ఇద్దరూనా? వాళ్ళకి ముందు కుర్చీ వేసి మంచినీళ్ళియ్యి," అన్నాడు. ఫోను సీటు మీద పడేసి వెనక్కి వాలాడు.

ఆ తర్వాత ఆయన మాట వినపడలేదు.

ఆమె రోడ్డు మీంచి కళ్ళు తిప్పలేదు. పిట్ట కిటికీలోంచి కోతుల్ని లెక్కపెడుతోంది. వదినే వెనక్కి తిరిగి చూసింది. తమ్ముడు వీపు నిటారుగా పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చున్నాడు. పెదాల చుట్టూ రంగు లేదు.

"అమ్మాయ్, పక్కకి ఆపు," అంది వదిన. "ఇప్పుడే."

ఆమె ఆపింది. ఆయన దిగి, కొండ అంచు గోడ దాకా ఎలాగో వెళ్ళి వంగాడు. వదిన ఆయన వెనకే వెళ్ళి నుదురు ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో వీపు రాసింది. పిట్టని నీళ్ళు తెమ్మంది. పుక్కిలించమంది. మింగొద్దంది. కళ్ళు మూసుకుంటే ఇంకా తిరుగుతుంది, కిందికి చూడకు, అదిగో ఆ దూరపు కొండ చూడు, దాన్నే చూస్తూ ఉండు అంది. ఎప్పుడూ ఎవరికీ చెప్పని విద్య ఏదో ఉన్నట్టు ఒక్కొక్కటే, తొందర లేకుండా చెప్పింది.

ఆయన గోడ మీద కూర్చుని దూరపు కొండ చూశాడు. పిట్ట తండ్రిని పరీక్షగా చూసి, గొప్ప సంగతి కనిపెట్టినట్టు తల్లితో చెప్పింది. "అమ్మా, నాన్నకి కారు పడదు."

ఆమెకి నవ్వొచ్చింది. వదినకీ వచ్చింది. ఆయనకి రాలేదు. కాస్త ఊపిరి కూడదీసుకుని అక్క వైపు తిరిగాడు.

"అక్కా, నీకు ప్రతిసారీ ఇలాగే ఉండేదా?"

"ప్రతిసారీ అంటే," అంది వదిన, ఆయన మెడ మీద తడిగుడ్డ వేస్తూ, "ఎక్కింది ఎన్నిసార్లురా?"

నిష్ఠూరంగా అనలేదు. ఆయన అడిగాడు, ఆవిడ లెక్క చెప్పింది, అంతే. కానీ ఆయన ఆ మాటకి తలెత్తి అక్క మొహంలోకి చూసి, మెడ మీది గుడ్డ తీసి మడతపెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడతపెట్టాడు. ఆమె ఆ చేతులనే చూస్తూ నిలబడింది. ఎంత పెద్ద యంత్రాన్నయినా విప్పి బిగించే ఆ చేతులకి ఒక తడిగుడ్డని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. వదిన దాన్ని తీసుకుని గోడ మీద ఆరేసింది.

"ఒకసారి అడిగి ఉండాల్సింది నేను," అన్నాడు చివరికి.

"అడిగితే పడదనే చెప్పేదాన్నిలే. నాకేం తెలుసు," అంది వదిన. ఆ మాట ఓదార్చడానికి అందో, నిజమే అందో ఆయనకి తేలలేదు. తమ్ముడి పక్కనే గోడ మీద కూర్చుంది.

గాలిమరలు అక్కడికి పిలుపు దూరంలోనే ఉన్నాయి. ఆయన ఇంకాసేపు కదలలేనంటే, వదినా పిట్టా నడిచి వెళ్ళారు. గోడ దగ్గర నుంచి చూస్తుంటే, తెల్లటి స్తంభం మొదట్లో వాళ్ళిద్దరూ రెండు గుండీల్లా ఉన్నారు. పైన రెక్క ఒక్కొక్కటీ దిగివచ్చి వాళ్ళని దాటి మళ్ళీ ఎక్కిపోతోంది. రెక్క నీడ నేల మీద పాకుతూ వచ్చి మీది నుంచి పోయినప్పుడల్లా పిట్ట ఎగిరి గెంతుతోంది. మొదట వదిన స్తంభానికి చెయ్యి ఆనించి తల వెనక్కి వాల్చి పైకి చూస్తూ నిలబడింది. తర్వాత, ఎవరూ చూడటం లేదనుకుందేమో, నీడ వచ్చినప్పుడు తనూ గెంతింది.

"మా అక్క గెంతుతోంది," అన్నాడు ఆయన, నమ్మలేనట్టు.

ఆమె బుట్ట దింపి, పాత దుప్పటి అక్కడే పరిచింది. రొట్టెలు, ఉడకబెట్టిన గుడ్లు, ఫ్లాస్కులో టీ తీసింది. ఆనకట్ట ఇంకా ఎంత దూరమని ఎవరూ అడగలేదు. తిన్నాక ఆయన దుప్పటి మీద వెల్లకిలా పడుకుని, ఆ లారీ మీది మనిషిలా నిద్రపోయాడు. ఆ నిద్ర చెడగొట్టడం ఎవరికీ ఇష్టంలేక, ముగ్గురూ గొంతు తగ్గించి మాట్లాడుకున్నారు. వదిన జీపులో తన పక్కన కూర్చున్న పెద్దావిడ ఎలా అరిచిందో అభినయించి చూపిస్తుంటే పిట్ట నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దొర్లింది. ఎండ వాలాక ఆయన లేచి, అందరినీ వరసగా చూసి, ఇంటికి పోదామా అన్నాడు.

దిగేటప్పుడు ఆయనే నడిపాడు. మలుపుల దగ్గర ఎప్పుడూ లేనంత నెమ్మదిగా తిప్పాడు. వదిన ముందే కూర్చుంది. ఆ చోటు గురించి ఈసారి ఎవరూ వాదించుకోలేదు. వెనక సీటులో పిట్ట తల్లి ఒళ్ళో తలపెట్టి పడుకుంది. ఆమె కిటికీకి ఆనుకుని, వాళ్ళిద్దరి తలలనీ వెనక నుంచి చూస్తూ కూర్చుంది. అక్కకీ తమ్ముడికీ జుట్టు మెడ దగ్గర ఒకేలా సుడి తిరిగి ఉందని ఆమె ఇన్నాళ్ళలో ఎప్పుడూ గమనించలేదు.

కొండ దిగి మైదానంలోకి వచ్చాక రోడ్డు రెండుగా చీలింది. ఆయన చీలిక ముందు కారు ఆపేశాడు.

"అక్కా, ఎటు?"

వదిన తనని కాదేమో అన్నట్టు వెనక్కి తిరిగి చూసింది. వదిన మళ్ళీ ముందుకి తిరిగి, అద్దంలోంచి రెండు దార్లనీ చూసింది. ఒకటి వెడల్పుగా, నున్నగా, నేరుగా ఊరి వైపు పోతోంది. రెండోది కాలవ గట్టు వెంట చెట్ల కిందుగా వంకరలు తిరిగి పోతోంది. నీళ్ళ మీద సాయంకాలపు వెలుతురు పడి మెరుస్తోంది. ఎవరో సైకిలు ఆపుకుని కాళ్ళు కడుక్కుంటున్నారు.

వెనకనుంచి ఒక వ్యాను హారన్ కొట్టింది. మళ్ళీ కొట్టింది. వదిన కంగారుపడి తమ్ముడి వంక చూసింది. ఆయన కిటికీలోంచి చెయ్యి బయటికి పెట్టి, పక్కనుంచి పొమ్మని ఆ వ్యానుకి తాపీగా సైగ చేశాడు. అది విసురుగా దాటిపోయింది. ఆయన ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు.

"ఆ కాలవ దారి ఎక్కడికి పోతుందిరా?" అంది వదిన.

"అదీ మన ఊరికే. చుట్టు తిరిగి పోతుంది. బాగా ఆలస్యమవుతుంది."

వదిన కిటికీ అద్దం పూర్తిగా దించుకుని, మోచెయ్యి బయటికి పెట్టుకుంది.

"అయితే అటే పోనీ."

ఆయన కారు తిప్పాడు.